పెద్దమనిషైన చెల్లెలి గురించి ఇంట్లో మనమే మాట్లాడాలి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 వస్తే మనం రేలా ఆడతాం. కొమ్ములు కట్టుకుని డోలు వాయిస్తాం. పోడు భూముల గురించి, మన భాష గురించి, చదువు ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ కావాల్సినవే. భద్రాచలం ఏజెన్సీలో ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌గా ఉన్నదాన్ని కాబట్టి, ఈ సభకు రాని ఒక పిల్ల గురించి మాట్లాడతానని సంఘం వాళ్లను అడిగాను. వాళ్లు ఒప్పుకున్నారు.

ఆ పిల్ల మీ గూడెంలోనూ ఉంటుంది. కళ్లు కనపడవు. లేదా చెవులు వినపడవు. లేదా కాళ్లు చేతులు స్వాధీనంలో ఉండవు, బుద్ధి ఎదగడం ఆలస్యమైంది, ఫిట్స్ వస్తుంటాయి. ఇంటి అరుగు మీద కూర్చుని ఉంటుంది. ఊళ్లో చాలామందికి ఆమె పేరు తెలియదు. గుడ్డిది, మూగది, పిచ్చిది అని పిలుస్తారు. ఆమెకు పన్నెండేళ్లో పదమూడేళ్లో వచ్చాయి. ఆమె ఒంట్లో వచ్చే మార్పుల గురించి ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అమ్మానాన్నలకు కూడా ఎవరూ చెప్పలేదు. నేను చెప్పబోయేది దాని గురించే.

వైకల్యం అంటే మనకు కళ్లు, కాళ్లే గుర్తొస్తాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో సికిల్ సెల్ వ్యాధి, తలసేమియా కూడా ఉన్నాయి. మన గూడేల్లో ఎముకల నొప్పులతో, రక్తం తక్కువై, బడి మానేసి పడుకునే పిల్లల్లో ఈ జబ్బులున్న వాళ్లు ఉంటారు. వాళ్లకూ ఈ చట్టం వర్తిస్తుంది.

మీతోనే ఎందుకు చెబుతున్నాను?

అమ్మానాన్నలకు చెప్పాల్సిన సంగతి మాకెందుకు చెబుతున్నారని మీకు అనిపించవచ్చు. మన ఇళ్లల్లో అమ్మ కోయ మాట్లాడుతుంది. ఆస్పత్రి గోడ మీద బొమ్మల కింద రాసింది తెలుగు. ఏఎన్ఎం వచ్చి పది నిమిషాలుండి పోతుంది. ఇంట్లో తెలుగు చదవగలిగింది, ఫోన్ చూడగలిగింది, ఆఫీసుకు పోయి అడగగలిగింది మీరే. పింఛను కాగితం వచ్చినా, రేషన్ కార్డు సంగతి వచ్చినా అమ్మ మీ చేతికే ఇస్తుంది. ఈ కాగితం కూడా మీ చేతికే ఇస్తున్నాను. మీరు చదువుకుని, మన భాషలో, మన ఇంటి మాటల్లో వాళ్లకు చెప్పండి.

తమ్ముళ్లూ, ఇది ఆడవాళ్ల సంగతి కదా అని మీరు లేచిపోవద్దు. చెల్లెల్ని ఆస్పత్రికి ఎత్తుకుపోయేది మీరు. ఆమె జోలికి ఎవరైనా వస్తే నిలబడాల్సిందీ మీరే.

పెద్దవాళ్ల భయాలు మూడు

హాస్టల్‌కి, భవిత కేంద్రానికి వచ్చే తల్లిదండ్రులతో మాట్లాడినప్పుడు వాళ్ల మాటల్లో మూడు భయాలు వినిపిస్తాయి. ముట్టు వస్తే దీనికి ఎవరు చేస్తారు? ఎవడైనా పాడు చేస్తే ఏం గతి? మేం పోయాక దీన్ని ఎవరు చూస్తారు? ఈ భయాల్లో ప్రేమ ఉంది, రోజూ పడే కష్టం ఉంది. వాళ్లను తప్పు పట్టడానికి నేను రాలేదు. కానీ ఆ భయంతో చేసే పనుల వల్ల పిల్లకు నష్టం జరుగుతోంది. కొందరు పిల్లను దాచేస్తారు. కొందరు గర్భసంచి తీయించేద్దామంటారు. కొందరు ఎవరో ఒకరికి ఇచ్చి చిన్న వయసులోనే పెళ్లి చేసేస్తారు.

మన దగ్గర ఆడపిల్ల పెద్దమనిషైతే చుట్టాలొస్తారు, కొత్త బట్ట పెడతారు, నలుగురూ కలిసి తింటారు. వైకల్యం ఉన్న పిల్ల పెద్దమనిషైతే చాలా ఇళ్లల్లో చప్పుడు చేయరు. 'దానికి ఇవన్నీ ఎందుకు' అంటారు. పిల్ల చూస్తూనే ఉంటుంది. అక్కకు చేశారు, తనకు చేయలేదు. తన ఒంట్లో ఏదో చెడ్డది జరిగిందని ఆమె అనుకుంటుంది. మన ఆచారంలో ఆడపిల్ల ఎదుగుదలను గౌరవించే పద్ధతి ఉంది. దాన్ని ఈ పిల్లకూ చేయండి. పెద్ద ఖర్చు అక్కర్లేదు, కొత్త బట్ట, నలుగురి దీవెన చాలు.

బుద్ధి ఎదగకపోయినా ఒళ్లు ఎదుగుతుంది. మామూలు పిల్లల్లాగే ఎక్కువ మందికి పదేళ్లకూ పదహారేళ్లకూ మధ్యలో ముట్టు మొదలవుతుంది. మెదడుకు సంబంధించిన వైకల్యం ఉన్న కొందరిలో ఇంకా ముందే రావచ్చు. సికిల్ సెల్ ఉన్న పిల్లల్లో ఆలస్యం కావచ్చు. అందుకే ఎనిమిది, తొమ్మిదేళ్ల నుంచే చెప్పడం మొదలుపెట్టమని తల్లులకు చెప్పండి. రక్తం చూసి బెదిరిపోయిన తర్వాత నేర్పడం చాలా కష్టం. పదిహేను నిండినా రాకపోతే డాక్టరుకు చూపించాలి.

ఎలా నేర్పాలి?

బుద్ధి మాంద్యం ఉన్న పిల్లకు మాటలతో కంటే చేయించి నేర్పాలి. ముట్టు రాకముందే ఒక ప్యాడ్ తెచ్చి లోపలి బట్టకు ఎలా అంటించాలో చూపించండి. రోజుకు కాసేపు పెట్టుకుని తిరగనివ్వండి, అలవాటవుతుంది. ఎర్ర రంగు నీళ్లు నాలుగు చుక్కలు వేసి, 'ఇలా కనపడితే అమ్మకు చెప్పు, మార్చుకో' అని చూపించండి. పనిని చిన్న ముక్కలుగా విడదీయండి: తీయడం, చుట్టడం, డబ్బాలో వేయడం, కడుక్కోవడం, కొత్తది పెట్టుకోవడం, చేతులు కడుక్కోవడం. ముందు చివరి పని ఒక్కటే ఆమెతో చేయించండి. అది వచ్చాక దానికి ముందుది. ఆరు నెలలు పట్టవచ్చు, సంవత్సరం పట్టవచ్చు. ప్రతిసారీ అదే చోట, అదే వరసలో, అవే మాటలతో చేయించాలి. ఒకరోజు అమ్మ ఒకలా, ఇంకోరోజు పెద్దమ్మ ఇంకోలా చెబితే పిల్లకు అయోమయం.

కళ్లు కనపడని పిల్లకు చేత్తో తడిమి నేర్పాలి. ప్యాడ్ ఏ వైపు జిగురు, ఏ వైపు మెత్తన అనేది వేళ్లతో తెలుస్తుంది. తడిని, వాసనను బట్టి గుర్తుపట్టడం నేర్పాలి. తేదీలు లెక్కపెట్టుకోవడానికి ఒక తాడుకు రోజుకో ముడి వేయించండి. రెండు ముట్లకు మధ్య 21 నుంచి 35 రోజులు మామూలు. మొదటి రెండు మూడేళ్లు 45 రోజుల దాకా పోయినా భయపడక్కర్లేదు. రెండు నుంచి ఏడు రోజులు రక్తం పోవడం మామూలు. గంట గంటకూ ప్యాడ్ నిండిపోతుంటే మాత్రం ఆస్పత్రికి పోవాల్సిందే.

చెవులు వినపడని పిల్లకు బొమ్మలు, సైగలు కావాలి. ముట్టుకు ఒక సైగ, నొప్పికి ఒక సైగ, ప్యాడ్ కావాలనడానికి ఒక సైగ ఇంట్లో అందరూ ఒకటే పెట్టుకోండి. బడిలో టీచరుకూ హాస్టల్‌లో ఆయాకూ అదే సైగ తెలియాలి.

కాళ్లు పనిచేయక ఎక్కువసేపు కూర్చునే, పడుకునే పిల్లకు తడి ప్యాడ్ అలాగే ఉంటే చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతుంది. నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి మార్చాలి. గుడ్డ వాడితే సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. సిగ్గుపడి చీకటి మూలలో, వేరే బట్ట కింద ఆరేస్తే క్రిములు చావవు. లోపలి బట్టకు పక్కల నుంచి విప్పుకునే కట్లు కుట్టిస్తే పిల్లను ఎత్తకుండానే మార్చవచ్చు. మన ఊరి దర్జీ కుట్టగలడు.

ఫిట్స్ ఉన్న పిల్లల్లో కొందరికి ముట్టు రోజుల్లో ఫిట్స్ ఎక్కువవుతాయి. ఏ రోజు వచ్చాయో రాసి డాక్టరుకు చూపించండి. మందులు సొంతంగా ఆపకూడదు. ఫిట్స్ మందుల్లో కొన్ని, ముఖ్యంగా వాల్‌ప్రోయేట్, గర్భంలో బిడ్డకు హాని చేస్తాయి. కాబట్టి పిల్ల పెద్దమనిషైన తర్వాత మందు సంగతి డాక్టరును మళ్లీ అడగాలి.

ముట్టు గుడిసె సంగతి

కొన్ని గూడేల్లో ఇంకా ముట్టు గుడిసె ఉంది. కొన్ని ఇళ్లల్లో గుడిసె లేకపోయినా పెరట్లో, చూరు కింద పడుకోబెడతారు. ఆచారం గురించి పెద్దవాళ్లతో తగాదా పెట్టుకోమని నేను చెప్పను. ఒక్క ప్రశ్న అడగండి చాలు. కళ్లు కనపడని పిల్ల చీకట్లో పామును ఎలా చూస్తుంది? మాట రాని పిల్ల ఎవరైనా వస్తే ఎలా అరుస్తుంది? ఫిట్స్ వచ్చే పిల్ల ఒంటరిగా పడిపోతే ఎవరు చూస్తారు? ఈ పిల్లను ఆ ఐదు రోజులు ఒంటరిగా ఉంచకూడదని పటేల్, వడ్డె కలిసి ఒక మాట అంటే గూడెం వింటుంది. ఆ మాట వాళ్లతో అనిపించే పని యువత తీసుకోవాలి.

గర్భసంచి తీయించే ముందు

ఇక కష్టమైన సంగతి. 'ముట్టు బాధ ఉండదు, గర్భం భయం ఉండదు, గర్భసంచి తీయించేస్తే పోతుంది' అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలు ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అందుకే ఈ మాట మన దగ్గర తేలిగ్గా చెల్లుతుంది.

1994లో మహారాష్ట్రలోని శిరూర్ ప్రభుత్వ గృహంలో ఉన్న మానసిక వైకల్యం గల అమ్మాయిలకు పుణెలో ఇలాగే గర్భసంచులు తీశారు. శుభ్రత కోసమే అన్నారు. దేశమంతా మహిళా సంఘాలు నిలదీశాయి. ఇప్పుడు చట్టం ఉంది. 2016 చట్టం పదో సెక్షన్ ప్రకారం, వైకల్యం ఉన్న వ్యక్తికి తానుగా, తెలిసి ఒప్పుకోకుండా పిల్లలు పుట్టకుండా చేసే ఏ వైద్యమూ చేయకూడదు. సంతాన విషయాల గురించి సమాచారం వాళ్లకు అందేలా ప్రభుత్వం చూడాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. 2009లో చండీగఢ్‌లోని ప్రభుత్వ గృహంలో ఉన్న, స్వల్ప మానసిక వైకల్యం గల ఒక యువతి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అత్యాచారం వల్ల ఆమెకు గర్భం వచ్చింది. ఆమె బిడ్డను కంటానంది. ఆమె ఇష్టానికి వ్యతిరేకంగా గర్భం తీయించడానికి వీల్లేదని, బిడ్డను కనాలా వద్దా అన్నది రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని కోర్టు చెప్పింది.

చట్టం పక్కన పెట్టి మామూలుగా ఆలోచించండి. గర్భసంచి తీసేస్తే పిల్ల మీద అఘాయిత్యం ఆగుతుందా? ఆగదు. గర్భం రాదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు, అంతే. చేసేవాడికి అది ధైర్యం. రక్తం ఎక్కువగా పోతుంటే, నొప్పి భరించలేకపోతుంటే, పిల్ల శుభ్రం చేసుకోలేకపోతుంటే దానికి మందులున్నాయి. కావాలంటే ఆపేయగలిగేవీ ఉన్నాయి. ఏరియా ఆస్పత్రిలో ఆడవాళ్ల డాక్టరును అడగమని అమ్మకు చెప్పండి. పక్కన మీరు ఉండి పిల్లను కూడా మాట్లాడనివ్వండి.

ఒంటి మీద హక్కు

వైకల్యం ఉన్న పిల్ల రోజూ ఇతరుల చేతుల మీద బతుకుతుంది. స్నానం చేయించేది ఒకరు, బట్ట కట్టేది ఒకరు, ఎత్తుకునేది ఒకరు. ఎవరు తాకినా ఊరుకోవాలని ఆమె నేర్చుకుంటుంది. ఆ అలవాటే ఆమెకు ప్రమాదం. కాబట్టి ఇంట్లో కొన్ని పద్ధతులు పెట్టుకోవాలి. స్నానం, ప్యాడ్ మార్చడం ఎవరు చేయాలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లను అనుకోండి. వాళ్లు తప్ప ఇంకెవరూ చేయకూడదు. తాకే ముందు 'బట్ట మారుస్తున్నానమ్మా' అని చెప్పాలి. తలుపు వేయాలి. ఒంటి భాగాలన్నిటికీ మన భాషలో ఉన్న పేర్లు ఆమెకు నేర్పాలి. పేరు తెలియని చోట ఏం జరిగిందో ఏ పిల్లా చెప్పలేదు. 'వద్దు' అని ఆమె తల తిప్పినా, చేయి తోసినా ఆ మాటకు విలువ ఇవ్వండి. ఇంట్లో చెల్లని 'వద్దు' బయట ఎవరి ముందూ చెల్లదు.

పిల్ల ఒక మనిషిని చూసి బెదిరినా, ఉన్నట్టుండి పక్క తడిపినా, తిండి మానేసినా, ఒంటి మీద గాట్లు కనపడినా పట్టించుకోండి. మాట రాని పిల్ల చెప్పే పద్ధతి అదే.

ఏదైనా జరిగితే ఏం చేయాలో గుర్తుపెట్టుకోండి. పిల్లకు స్నానం చేయించవద్దు, బట్టలు ఉతకవద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి. ఏ ఆస్పత్రి అయినా ఉచితంగా చికిత్స చేయాలి. గర్భం రాకుండా వేసే మాత్ర 72 గంటల్లోపు, ఎంత తొందరగా వేస్తే అంత మంచిది. 1098కి గానీ, మహిళల కోసం 181కి గానీ ఫోన్ చేయండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద జరిగిన నేరం తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. పిల్ల వైకల్యాన్ని అలుసుగా తీసుకుని చేసిన అత్యాచారానికి 2019 సవరణ తర్వాత కనీస శిక్ష 20 ఏళ్ల జైలు. వాంగ్మూలం పిల్ల ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, పోలీసులు యూనిఫాంలో రాకూడదు. సైగలు తెలిసిన టీచరు సాయం, కోయ నుంచి తెలుగు చెప్పేవాళ్ల సాయం అడగడం మన హక్కు.

గూడెం పంచాయతీలో తప్పు కట్టించి, మేకనో డబ్బులో ఇప్పించి ముగించే పని ఇక్కడ పనికిరాదు. మన పంచాయతీ గొప్పదే. భూమి తగాదాలు, పెళ్లి తగాదాలు ఎన్నో తీర్చింది. కానీ ఈ నేరాన్ని తీర్చే అధికారం దానికి లేదు. రాజీ చేస్తే ఆ మనిషి మళ్లీ అదే వీధిలో తిరుగుతాడు.

మీ పెళ్లిళ్ల దగ్గరికి వద్దాం

ఈ మాట నేరుగా మీకోసం. మేనరికం మనలో ఉంది. సికిల్ సెల్ లక్షణం మోసేవాళ్లు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటారు. అలాంటి ఇద్దరు పెళ్లి చేసుకుంటే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నూటికి 25. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లందరికీ పరీక్ష చేయడానికి 2023 జులై 1న జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. ఒక రక్తపు చుక్క చాలు. పెళ్లి మాటలకు ముందే పరీక్ష చేయించుకుని కార్డు తెచ్చుకోండి. జబ్బు ఉన్న అమ్మాయి పెళ్లి చేసుకోకూడదని, పిల్లల్ని కనకూడదని కాదు. గర్భంలో ఆమెకు ఎక్కువ జాగ్రత్త కావాలి, ముందే డాక్టరుకు తెలియాలి. వైకల్యం ఉన్న చెల్లెలికీ పెళ్లి ఉంటుంది, ఆమెకు ఇష్టమైతే, పద్దెనిమిది నిండాక, సంగతి అర్థమయ్యాక. భారం దించుకోవడానికి చేసే పెళ్లి ఆమెకు రక్షణ కాదు.

ఈ సంవత్సరం చేయగలిగిన పనులు

ప్రతి గూడెం యువజన సంఘం నాలుగు పనులు తీసుకోవాలని కోరుతున్నాను. ఒకటి, మీ గూడెంలో పద్దెనిమిదేళ్ల లోపు వైకల్యం ఉన్న పిల్లలు ఎవరెవరో పేర్లతో తెలుసుకోండి. వైకల్య ధ్రువపత్రం లేకపోతే శిబిరానికి తీసుకుపోండి. ఆ పేర్ల పట్టిక ఊళ్లో తిప్పవద్దు, అది వాళ్ల సొంత విషయం. రెండు, మండలంలో భవిత కేంద్రం ఉంటుంది. అక్కడి ప్రత్యేక టీచరును, ఆశాను, ఏఎన్ఎంను, అంగన్‌వాడీ టీచరును ఒకరోజు గూడేనికి పిలిచి తల్లులను కూర్చోబెట్టండి. తండ్రులను కూడా పిలవండి. తెలుగులో చెప్పింది కోయలో మీరు చెప్పండి. మూడు, పీహెచ్‌సీలో, హాస్టల్‌లో, బడిలో చక్రాల కుర్చీ పోయే దారి, పట్టుకునే కమ్మీ ఉన్న మరుగుదొడ్డి ఉన్నాయా చూడండి. లేకపోతే ఐటీడీఏ గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టండి. నాలుగు, ఈ మాటలనే మన భాషలో, మన గొంతుతో రికార్డు చేసి అమ్మల ఫోన్లకు పంపండి. చదువు రాని అమ్మ కూడా వింటుంది.

వీటిలో దేనికీ పెద్ద డబ్బు అక్కర్లేదు. ఇవాళ ఇంటికి పోయాక అరుగు మీద కూర్చున్న ఆ చెల్లెల్ని పేరు పెట్టి పిలవండి. వాళ్ల అమ్మ పక్కన కూర్చుని ఈ సంగతుల్లో ఒక్కటి చెప్పండి. రేపు ఇంకొకటి. వచ్చే ఏడు ఈ సభకు ఆమెను కూడా తీసుకురండి. రేలాలో ఆమెకూ ఒక చేయి అందించండి.

సెలవు. జై ఆదివాసీ!